యుద్ధకాలమున కళాపోషణ: ప్రభుత్వ బాధ్యత, మన కర్తవ్యము

(బిలాస్‌పూర్ ప్రాంత తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశమున రతన్‌పూర్‌లో చేసిన ప్రసంగ పాఠము)



ఈనాటి సభకు నిర్ణయించిన విషయము వినగానే కొందరు మిత్రులు ఆశ్చర్యపడినారు. కరువు భత్యము, పదోన్నతులు, ఖాళీ పోస్టుల భర్తీ, పింఛను సమస్యలుండగా యుద్ధమేమి, కళలేమి అని ప్రశ్నించినారు. ప్రశ్న న్యాయమైనదే. సమాధానము కూడ మన ఉద్యోగములలోనే ఉన్నది. యుద్ధము వచ్చినపుడు సైన్యము తరువాత మొట్టమొదట ఆజ్ఞలందుకొనునది రైలు, తపాలా. జవానును సరిహద్దుకు చేర్చునది మన బండి. అతని క్షేమసమాచారమును తల్లికి చేర్చునది మన సంచి. 1965 సెప్టెంబరులో రాజస్థాన్ సరిహద్దున గడరా రోడ్డు వద్ద సైన్యమునకు సామగ్రి చేరవేయుచు రైల్వే కార్మికులు శత్రువిమానముల దాడిలో ప్రాణములు విడిచినారు. కనుక యుద్ధకాలమున ప్రభుత్వము దేనికి ధనమిచ్చుచున్నది, దేని నోరు మూయుచున్నది అని అడుగు హక్కు మనకు పూర్తిగా కలదు.

మనము కూర్చున్న ఈ రతన్‌పూర్ ఆ ప్రశ్నకు తగిన చోటు. బిలాస్‌పూర్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరముననున్న ఈ ఊరు శతాబ్దముల పాటు కలచురి రాజులకు రాజధాని. మహామాయ ఆలయమును దర్శించుకొని వచ్చిన వారందరికీ ఆనాటి వైభవము కొంత తెలిసియే యుండును. ఖూబ్ తమాషా అను కావ్యమును రచించిన గోపాల మిశ్ర ఈ రాజాస్థానమునకు చెందిన కవియే. 1741లో నాగపూర్ భోంస్లేల సేన భాస్కర పంతు నాయకత్వమున వచ్చినది. రాజ్యము లొంగిపోయినది. రాజ్యముతో పాటు ఆస్థానపు ఆదరణయు పోయినది. రాజు ఇచ్చిన వృత్తి రాజు ఉన్నంతవరకే అని ఈ ఊరి చరిత్ర చెప్పుచున్నది.

ఈ కలచురులు తాము హైహయ వంశీయులమని చెప్పుకొన్నారు. ఆ పేరు మన తెలుగువారికి కొత్తది కాదు. పలనాటి వీరగాథలోని అనుగురాజు, అతని కుమారులైన నలగామ రాజు, మలిదేవ రాజు హైహయులే అని ఆ కథ చెప్పును. 12వ శతాబ్దమున కారెంపూడి యుద్ధభూమిపై ఆ వంశము అంతఃకలహముతో నశించినది. రాజులు పోయినారు, కోటలు పోయినవి, కాని కథ పోలేదు. దానిని బ్రతికించినది ఏ ఖజానాయు కాదు. ఊరూర తిరిగి పాడిన పిచ్చగుంట్ల గాయకులు, వారి జోలెలో గుప్పెడు గింజలు వేసిన రైతుకూలీలు దానిని మనదాక చేర్చినారు. నేటికిని కారెంపూడిలో ఏటేట వీరుల తిరునాళ్ళు జరుగుచున్నవి.

దీనినిబట్టి, కళకు ప్రభుత్వముతో పని లేదు, ప్రజలే చూచుకొందురు అని తీర్మానించుట సులభము. మేము ఆ తీర్మానమును అంగీకరించము. గాయకుడు పాటను బ్రతికించినాడు గాని, ఆ పాట గాయకుని బ్రతికించలేదు. తరతరములు అతడు యాచకుడుగానే మిగిలినాడు. పని చేసినవానికి కూలి దక్కవలెనని నమ్మిన మనము ఆ స్థితిని సంప్రదాయమని మెచ్చుకొని ఊరకుండలేము. కనుక ప్రభుత్వము కళకు తోడ్పడవలెనా అనుటలో మనకు సందేహము లేదు. ఎట్లు తోడ్పడవలెను, ఏ షరతులపై, ఎంతకాలము అనునదే తేల్చుకొనవలసిన విషయము.

ఇతర దేశముల అనుభవమును కొంత పరిశీలింతము. రెండవ ప్రపంచ యుద్ధము ప్రారంభమైనపుడు ఇంగ్లాండులో నాటకశాలలు, సంగీతశాలలు మూతపడినవి. కళాకారులు నిరుద్యోగులైనారు. 1940 జనవరిలో అక్కడ సంగీత కళల ప్రోత్సాహమునకై ఒక మండలి ఏర్పడినది. పిల్‌గ్రిమ్ ట్రస్టు అను దాతృసంస్థ 25,000 పౌనులిచ్చినది. తరువాత ప్రభుత్వ ఖజానాయు తన వంతు చేర్చినది. ఆ ధనముతో గాయకులు కర్మాగారముల భోజనశాలలకు వెళ్ళి పాడినారు. ప్రఖ్యాత ఓల్డ్ విక్ నాటక సంస్థ వేల్స్ బొగ్గుగని గ్రామములకు పోయి షేక్‌స్పియర్ నాటకములను గని కార్మికుల ముందు ప్రదర్శించినది. 1942లో ఆర్థికవేత్త కీన్స్ ఆ మండలికి అధ్యక్షుడైనాడు. యుద్ధము ముగిసిన తరువాత దానిని రద్దు చేయలేదు. 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ అను పేరుతో శాశ్వత సంస్థగా మార్చినారు. బాంబులు పడుచున్న దినములలో తాత్కాలికముగా పెట్టిన దీపము శాంతికాలమునకును మిగిలినది.

ఈ సందర్భమున చర్చిల్ అన్నట్లుగా ఒక మాటను పలువురు వేదికలపై ఉటంకించుచుందురు. కళల ఖర్చు తగ్గించమని ఎవరో అడుగగా, మరి దేనికొరకు పోరాడుచున్నామని ఆయన ఎదురు ప్రశ్నించినాడట. ఆ మాట ఆయన అన్నాడనుటకు ఆధారము లేదు. ఆధారమున్న సంగతి వేరొకటి కలదు. 1940లో లండన్ జాతీయ చిత్రశాలలోని చిత్రములను కెనడాకు పంపవలెనను ప్రతిపాదన వచ్చినపుడు, గుహలలోనైనను నేలమాళిగలలోనైనను దాచుడు గాని దేశము దాటనీయవద్దని ఆయన ఆదేశించినాడు. ఆ చిత్రములను వేల్స్‌లోని ఒక పలకరాతి గనిలో భద్రపరచినారు. జాతి ధనమును జాతి భూమిలోనే దాచినారు. సభలలో మనము చెప్పుకొనదగినది ఆ సంగతి.

ఇక సోవియట్ దేశము. 1942 ఆగస్టు 9న, జర్మను సేనల ముట్టడిలో ఆకలితో అలమటించుచున్న లెనిన్‌గ్రాడ్ నగరమున షొస్తకోవిచ్ ఏడవ సింఫనీని వాయించినారు. రేడియో వాద్యబృందములో పలువురు అప్పటికే మరణించియుండిరి. వాద్యములు వాయించగల సైనికులను యుద్ధరంగము నుండి రప్పించినారు. బృందమునకు అదనపు రేషను ఇచ్చినారు. ఎలియాస్‌బర్గ్ నిర్వాహకత్వమున ఆ సంగీతము ధ్వనివర్ధకముల ద్వారా నగరమంతట వినిపించినది. ఆకలితోనున్న వాద్యకారునికి మొదట రొట్టె ఇచ్చి, తరువాత వాయించమన్నారు. కళాపోషణలో ఇది మూలసూత్రము. అయితే అదే ప్రభుత్వము అదే సంగీతకర్తను 1948లో పార్టీ తీర్మానము ద్వారా అభిశంసించినది. యుద్ధమున నెత్తిన పెట్టుకొన్నవానిని శాంతికాలమున దోషిగా నిలబెట్టినది. మన మిత్రులు మెచ్చిన దేశమైనను ఈ రెండు సంగతులను కలిపియే చెప్పుట న్యాయము.

ఇట్టి మార్పు మన ఆంధ్రదేశమునను జరిగినది. 1943లో భారత ప్రజానాట్య సంఘము బొంబాయిలో ఏర్పడినది. ఆంధ్రమున ప్రజానాట్యమండలి పుట్టినది. డాక్టర్ గరికపాటి రాజారావు వంటివారు దానిని నడిపినారు. అది ఫాసిస్టు వ్యతిరేక పోరాటకాలము, బెంగాలు కరువు లక్షలాది ప్రాణములను కబళించుచున్న కాలము. షేక్ నాజర్ తంబుర భుజమున వేసికొని, బుర్రకథను దేవళపు అరుగు నుండి బహిరంగ సభల వేదికలకు తెచ్చినారు. బెంగాలు కరువును కథగా చెప్పినారు. పలనాటి కథనే కొత్త ప్రాణముతో పాడినారు. ఈ కళాకారులకు ప్రభుత్వ ధనము అందలేదు. ఫాసిజమునకు వ్యతిరేకముగా పాడినంతకాలము నాటి ప్రభుత్వము కొంత సహించినది. యుద్ధము ముగిసి, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు రచించిన మాభూమి నాటకము పల్లెలలో భూమి ప్రశ్న వేయగానే సహనము ముగిసినది. మద్రాసు ప్రభుత్వము ఆ నాటకమును నిషేధించినది. అనంతర కాలమున నాజర్‌కు 1986లో పద్మశ్రీ బిరుదు లభించినది. గౌరవించినందుకు సంతోషమే. కాని ఆ కళాకారులను వెంటాడి, వేదికలు మూయించిన దినములను ఆ బిరుదు తుడిచివేయలేదు.

నాటక ప్రదర్శనలను అదుపు చేయుటకు బ్రిటిషువారు 1876లో ఒక చట్టము చేసినారు. స్వాతంత్ర్యము వచ్చిన 70 ఏండ్ల వరకు అది కేంద్ర చట్టముల పుస్తకములోనే ఉండెను. 2017లో చేసిన రద్దు చట్టముతో మాత్రమే తొలగినది.

స్వతంత్ర భారత ప్రభుత్వము కళలకు ఏమియు చేయలేదని మేము అనుట లేదు. 1953లో సంగీత నాటక అకాడమీ, 1954లో సాహిత్య అకాడమీ, లలిత కళా అకాడమీ ఏర్పడినవి. 1954లోనే గీత నాటక విభాగము ప్రారంభమైనది. సరిహద్దులలోని జవానుల వినోదార్థము ఆ విభాగమున 1967లో ప్రత్యేక శాఖను నెలకొల్పినారు. మంచుకొండలలో నెలలతరబడి ఇంటిముఖము చూడని జవాను ఎదుట ఒక పల్లెపాట వినిపించుట ఎంత గొప్ప సేవయో మనకు తెలియును. 2017లో ఆ విభాగమును ఇతర ప్రచార విభాగములతో కలిపివేసినారు. కాని మన దృష్టిలో ముఖ్యమైన లోపము మరొకటి. ఆ విభాగము కొరకు పాడిన అనేక ప్రైవేటు బృందములకు ప్రదర్శనను బట్టి మాత్రమే పారితోషికము. ఆట ఉన్ననాడు అన్నము, లేనినాడు లేదు. రైల్వేలో క్యాజువల్ కార్మికుల సమస్యను, తపాలాలో గ్రామీణ డాక్ సేవకుల సమస్యను ఎరిగిన మనకు దీనిని విడమరచి చెప్పనవసరము లేదు.

సోదరులారా, ఇప్పుడు మనకు అత్యంత సన్నిహితమైన ఉదాహరణకు వచ్చుచున్నాము. 1962లో చైనాతో యుద్ధము జరిగినది. ఆ సమయమున విశాఖపట్నములో పైడిమర్రి వెంకట సుబ్బారావు అను జిల్లా ట్రెజరీ అధికారి ఉండెడివారు. 1916లో నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో జన్మించిన ఆయన బహుభాషావేత్త, రచయిత. దగ్గరనున్న ఆయుధము కలమే. బాలబాలికల మనస్సులో దేశభక్తి, సోదరభావము నాటవలెనని తెలుగులో ఒక చిన్న ప్రతిజ్ఞ వ్రాసినారు. దానిని తెన్నేటి విశ్వనాథముగారికి చూపినారు. ఆయన విద్యామంత్రి పి.వి.జి. రాజుగారికి అందజేసినారు. 1963లో విశాఖపట్నము పాఠశాలలలో పిల్లలు దానిని చదివినారు. 1964లో బెంగుళూరులో ఎం.సి. చాగ్లా అధ్యక్షతన జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశము దానిని దేశమంతట చదివించవలెనని నిర్ణయించినది. 1965 జనవరి 26 నుండి అది జాతీయ ప్రతిజ్ఞ అయినది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మన పిల్లలు ఉదయము వరుసలో నిలిచి చేయి చాచి హిందీలో పలుకు ప్రతిజ్ఞ మొదట తెలుగులో పుట్టినది. వ్రాసినవారు మనవంటి ఒక ఉద్యోగి. పగలు ఖజానా లెక్కలు చూచినవారు. జీతము, బదిలీ, సెలవు దరఖాస్తు అన్నియు ఎరిగినవారు. ఈ సంగతి మన ఇండ్లలో ఎందరికి తెలియును? పాఠ్యపుస్తకముల మొదటి పుటలలో ప్రతిజ్ఞను కోట్లాది ప్రతులలో ముద్రించినారు గాని, దానిపై కర్త పేరు చాలకాలము లేదు. తన రచన పుస్తకములకెక్కినదని ఆయనకే చాలకాలము తెలియదని, మనుమరాలు పాఠము చదువుచుండగా విని గుర్తించినారని ఆ కుటుంబమువారు చెప్పినారు. 1988లో ఆయన కన్నుమూసినారు.

ఇందులో ఎవరి దుర్మార్గమును వెదకనవసరము లేదు. ఒక వాడుక మాత్రము స్పష్టముగా కనబడుచున్నది. యుద్ధమున ప్రభుత్వమునకు మాట కావలసివచ్చినది, మాట దొరికినది, చెప్పినవాని పేరు ఫైలులోనికి ఎక్కలేదు. వంతెన కట్టిన కూలీ పేరు శిలాఫలకముపై ఉండదు. గీతము వ్రాసిన ఉద్యోగి పేరు పుటపై ఉండదు. రెండును ఒకే అలవాటు.

దీనికి ఎదురుగా మరొక సంగతిని ఉంచి చూడుడు. 1962 అక్టోబరు 26న ప్రకటించిన అత్యవసర పరిస్థితి, యుద్ధము నెలదినములలో ఆగిపోయినను, 1968 జనవరి వరకు కొనసాగినది. 1971 డిసెంబరు 3న పాకిస్థాన్ యుద్ధము సందర్భమున ప్రకటించినది 1977 మార్చి వరకు ఎత్తివేయబడలేదు. యుద్ధము జరిగినది రెండు వారములు. అధికారములు నిలిచినది అయిదేండ్లకు పైగా. 1974 మేలో లక్షలాది రైల్వే కార్మికులు సమ్మె చేసినపుడు వారిపై ప్రయోగించిన వానిలో భారత రక్షణ నిబంధనలు ఉన్నవి. పొరుగు దేశపు సేనలపై పోరాటమునకని తెచ్చిన నిబంధనలు పాయింట్స్‌మన్ ఇంటి తలుపు తట్టినవి.

ఇంగ్లాండులో యుద్ధకాలపు కళామండలి శాంతికాలమునకు మిగిలినది. మనకు యుద్ధకాలపు నిర్బంధములు శాంతికాలమునకు మిగిలినవి. కార్మికుని సమ్మెను ఆపగల చట్టము కవి పాటను ఆపలేదనుకొనుట అమాయకత్వము. అందుచేతనే కళాస్వాతంత్ర్యము రచయితల వ్యవహారము మాత్రమే కాదు, యూనియన్ల వ్యవహారము కూడ.

ఇచట ఒక ఆక్షేపణను ఎదుర్కొనవలసి యున్నది. సరిహద్దులో జవాను నెత్తురు చిందించుచుండగా డప్పు వాద్యమునకు పైకమడుగుట తగునా అని కొందరందురు. దానికి తపాలా సోదరులే సమాధానము చెప్పగలరు. 1971 నవంబరు 15 నుండి, తూర్పు బెంగాలు శరణార్థుల సహాయార్థము, ఉత్తరములపై 5 పైసల అదనపు బిళ్ళ అతికించవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. 1973 మార్చి నెలాఖరు వరకు అది సాగినది. ప్రత్యేక బిళ్ళలు చాలనిచోట ఉన్న బిళ్ళలపైననే ముద్ర వేసి అమ్మినారు. దేశమునకు అవసరమని నమ్మినపుడు ప్రభుత్వము 5 పైసల చొప్పున కూడ సమకూర్చగలదు, తపాలా గుమాస్తా అదనపు శ్రమతో దానిని నిర్వహించగలడు. కావలసినది సంకల్పము. జవాను అన్నములో వాటా కళకు ఇమ్మని ఎవరును కోరుట లేదు. జవాను ఏ భాషలో తల్లిని తలచుకొనునో ఆ భాష, ఏ పాటతో నిద్రించెనో ఆ పాట, అతడు తిరిగివచ్చునప్పటికి ఊరిలో మిగిలి యుండవలెనని కోరుచున్నాము.

మరియొక అన్యాయము కూడ ఉన్నది. యుద్ధనిధికై జరుపు ప్రదర్శనలలో అందరును ఉచితముగా పాల్గొనవలెనందురు. పేరుపొందిన నటునికి అది త్యాగమే, కీర్తియు. అతని వెనుక మద్దెల వాయించువానికి, తెరలాగువానికి, దీపములు మోయువానికి అది ఒక రోజు కూలి నష్టము. చందా ఎవరైనను ఇచ్ఛాపూర్వకముగా ఇవ్వవచ్చును. కూలిని ముందే కోసివేసి దానికి దేశభక్తి అని పేరు పెట్టరాదు.

ఈ చర్చ నుండి మా సమాఖ్య మీ ముందుంచు కోరికలు అయిదు.

మొదటిది: యుద్ధసమయమున ప్రభుత్వము కళాకారులచే పని చేయించినచో, వాద్యకారుడు మొదలు తెరలాగువాని వరకు అందరికిని న్యాయమైన వేతనము, ప్రయాణ వసతి, ప్రమాద పరిహారము ఇవ్వవలెను.

రెండవది: ప్రభుత్వము స్వీకరించిన ప్రతి రచనపైనను కర్త పేరు ఉండవలెను. కర్త ఉద్యోగి అయినను ఈ హక్కు తగ్గరాదు.

మూడవది: సహాయమిచ్చు అధికారము, నిషేధించు అధికారము ఒకే చేతిలో ఉండరాదు. కళాకారులు, పండితులు, కార్మిక ప్రతినిధులు కలిసిన మండలి ద్వారా ధనము పంపిణీ కావలెను. ప్రభుత్వమును పొగడుట అర్హతగా ఉండరాదు, విమర్శించుట అనర్హత కారాదు.

నాలుగవది: యుద్ధకాలమున తెచ్చిన ప్రతి నిర్బంధమునకు గడువు తేదీ వ్రాసి యుండవలెను. గడువు దాటిన పిదప శాసనసభల చర్చ లేకుండ ఒక్కరోజయినను పొడిగించరాదు.

అయిదవది: రైల్వే ఇన్‌స్టిట్యూట్లు, తపాలా వినోద సంఘములు ఉద్యోగుల కళలకే ఉపయోగపడవలెను. యుద్ధమైనను, పొదుపైనను, మొట్టమొదట మూతపడునది వాని తలుపు కారాదు. వానిలో తెలుగు, ఛత్తీస్‌గఢీ, ఒడియా, బెంగాలీ, హిందీ పాటలన్నిటికిని సమాన స్థానముండవలెను.

ప్రభుత్వమును అడుగుటతో మన పని ముగియదు. బెంగాల్ నాగపూర్ రైల్వే నిర్మాణకాలము నుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతముల నుండి మన పెద్దలు ఈ మార్గము వెంట వచ్చి స్థిరపడినారు. ట్రంకుపెట్టెలో బట్టలతో పాటు జముకులకథ, తప్పెటగుళ్ళు, భజన కీర్తనలు తెచ్చుకొన్నారు. వారికి ఏ అకాడమీ గ్రాంటు ఇవ్వలేదు. రాత్రి డ్యూటీ లేని వారు వీధిదీపము క్రింద కూర్చుండి పాడుకొన్నారు. ఆ పాటలెరిగిన వృద్ధులు మన కాలనీలలో ఇంకను కొందరున్నారు. వారు ఉండగానే ఆ పాటలను, పాడినవారి పేర్లతో సహా, వ్రాసి భద్రపరచవలెను. ప్రతి శాఖా సంఘము ఈ పనికి ఒకరిద్దరు యువకులను, ముఖ్యముగా యువతులను నియమించవలెనని కోరుచున్నాము. ఇందుకు ప్రభుత్వ ఉత్తర్వు అవసరము లేదు, ఒక నోటుపుస్తకము, ఆదివారపు సాయంకాలము చాలును.

వచ్చు గణతంత్ర దినమున ప్రతి తెలుగు ఇంటిలో పిల్లలకు మరియొక మాట చెప్పుడు. నీవు ప్రతి ఉదయము పలుకు ప్రతిజ్ఞను వ్రాసినది పైడిమర్రి వెంకట సుబ్బారావు అను తెలుగు ఉద్యోగి అని, యుద్ధపు దినములలో విశాఖపట్నమున వ్రాసినారని చెప్పుడు. మన సంఘ కార్యాలయముల గోడపై ఆ పేరును వ్రాయుడు.

ఈ అయిదు కోరికలను తీర్మానరూపమున ఆమోదించి కేంద్ర కార్యవర్గమునకు పంపవలసినదిగా సభను అభ్యర్థించుచు సెలవు తీసికొనుచున్నాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లు గాక!